84 షెవీ సీ10 ట్రక్కు – పొద్దున సెల్ఫ్ కొట్టీ కొట్టీ చేతులు పడిపోతున్నాయి, వేడి మీద కూడా అంతే. కార్బొరేటర్ తెలిసినవాళ్ళు చెప్పండి

డెంటన్_రైతు
అందరికీ నమస్కారం. మాది టెక్సస్‌లో డెంటన్ పక్కన, నాలుగెకరాల జాగా ఉంది, గడ్డి మోపులు, ఎరువు బస్తాలు, కంచె కర్రలు తోలుకోడానికి రెండేళ్ళ కిందట ఒక 1984 షెవర్లే సీ10 కొన్నాను. 305 వీ8 ఇంజను (ఎనిమిది సిలిండర్లు), పైన నాలుగు గొంతుల రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బొరేటర్, అంటే పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి పంపేది. నడుస్తున్నంతసేపు బండికి వంక పెట్టడానికి లేదు, బాధంతా స్టార్టింగ్ దగ్గరే. మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచి పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇరవై సెకన్లు కొట్టాలి, ఆపాలి, మళ్ళీ కొట్టాలి, అప్పుడు దగ్గి దగ్గి అంటుకుంటుంది. రోజూ తీస్తే ఈ బాధ చాలా తక్కువ. ఇది ఒకటైతే, అరగంట నడిపి గ్యాస్ స్టేషన్లో ఆపి పది నిమిషాలాగి కొడితే తిరుగుతుంది తిరుగుతుంది పట్టుకోదు, గుప్పుమని పెట్రోలు వాసన. ఈ అక్టోబరు మొదట్లో పంపు దగ్గర అలాగే ఆగిపోయింది, వెనక మూడు బళ్ళు, పక్క సీట్లో ఊర్నుంచి వచ్చిన నాన్నగారు, డెబ్భై రెండేళ్ళ మనిషి దిగి తోస్తానంటారు, నాకు చాలా బాధేసింది. కొత్త బ్యాటరీ వేశా, ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు మార్చా, ఏం తేడా లేదు. దగ్గర్లో ఒక షాపువాళ్ళు కార్బొరేటరే మార్చెయ్యమంటున్నారు. అంత డబ్బు పెట్టేముందు మీ మాట కూడా విందామని రాస్తున్నా.

ఆటోనగర్_బాబాయ్
బాబూ, డబ్బు జేబులోనే ఉంచు. ముందు ఒక్కటి చెప్పు, సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరిగి పట్టుకోవట్లేదా, లేక తిరగడమే బరువుగా తిరుగుతుందా? ఈ షెవీ చిన్న వీ8ల్లో సెల్ఫ్ మోటారు ఎగ్జాస్టుకి ఆనుకుని ఉంటది, ఆ వేడికి సొలినాయిడ్, అదే సెల్ఫ్‌కి కరెంటు కలిపేది, మొరాయించి టిక్ మని ఊరుకుంటది, దాన్ని కూడా జనం వేడి మీద స్టార్ట్ అవ్వట్లేదనే అంటారు. అది వేరే కథ.

డెంటన్_రైతు
లేదు బాబాయ్ గారూ, తిరగడం చక్కగా తిరుగుతుంది, చప్పుడు కూడా హుషారుగా ఉంటుంది. అంటుకోవడమే లేదు.

ఆటోనగర్_బాబాయ్
అయితే సెల్ఫూ బ్యాటరీ పక్కన పెట్టెయ్. ఇప్పుడు ఇంకో మాట, పొద్దున రాకపోవడం, వేడి మీద రాకపోవడం ఒకటే జబ్బు అనుకోమాక. నేను బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు అంబాసిడర్లు, పద్మినీలు, పెట్రోలు జీపులు చూశా, ఇక్కడికొచ్చాక అమ్మాయి వాళ్ళ ఊళ్ళో పదేళ్ళు ఇలాంటి ట్రక్కుల మీదే పనిచేశా, ఈ రెంటినీ ఒకే గాట కట్టి మందేసినవాళ్ళెవరూ బాగుపడలా. నాలుగు రోజులు నిలబెడితేనే ఇబ్బంది అంటున్నావు, రోజూ తీస్తే లేదంటున్నావు, అంటే ఫ్లోట్ చాంబరు, అదే కార్బొరేటర్లో పెట్రోలు నిలవుండే చిన్న గిన్నె, ఎండిపోతుందేమో చూడాలి. వేడి మీద వాసన వస్తుందంటే ఆ చాంబరే పొంగుతుందేమో చూడాలి.

నాలుగు రోజులు నిలబెట్టాక, తాళం ముట్టుకోకముందే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తియ్యి. చోక్ పలకని, అదే చల్లటి ఇంజనుకి గాలి తగ్గించే పై మూతని, వేలితో తెరిచి పట్టుకుని టార్చి వేసి ముందువైపు రెండు గొంతుల్లోకి చూడు, చూస్తూ ఎక్సలేటర్ లింకుని చేత్తో ఒక్కసారి లాగు. రెండు సన్నటి ధారలు చివ్వున కొట్టాలి. కొడితే చాంబర్లో పెట్రోలు ఉన్నట్టు. ఏమీ రాకపోతే చాంబరు ఎండిందన్నా అవ్వాలి, ఆ ధార కొట్టే చిన్న పంపు రబ్బరు పోయిందన్నా అవ్వాలి, అందుకని బండి స్టార్టయ్యాక ఆపేసి మళ్ళీ ఒకసారి లాగి చూడు, అప్పుడు చిమ్మితే రబ్బరు తప్పు లేదు. పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకో, మర్చిపోవద్దు.

వరంగల్_పోరడు
అన్నా నమస్తే, నాది 78 ఫోర్డ్ ఎఫ్-150, 300 సిక్స్ ఇంజన్, నాది ఒక్క గొంతు కార్బొరేటరే గాని నా దోస్తుకు క్వాడ్రాజెట్ ఉండె. దాని గురించి ఎవర్నడిగినా ఒకటే ముచ్చట, కింద వెల్ ప్లగ్గులని, చాంబర్ అడుగు రంధ్రాలు మూసే బిరడాలు ఉంటయి, అవి లీకైతయి, రాత్రంత సుక్కసుక్క ఇంజన్లకు కారిపోతది, తెల్లారేసరికి చాంబర్ ఖాళీ. దాన్ని ఇప్పి ఎపాక్సీ పెట్టాలె అంటరు. ఇంకో ఉపాయం ఏందంటే ట్యాంక్ కాడ ఒక కరెంటు పంపు పెట్టుకుంటే తాళం తిప్పంగనే చాంబర్ నిండుతది, రెండు సెకన్లల్ల స్టార్ట్.

సీమ_చిన్నోడు
అందరూ పెట్రోలు మీదనే పడినారు, నిప్పు, అదే ప్లగ్గు కొట్టే స్పార్కు, దాని సంగతి కూడా తేల్చుకోవాల గదప్పా. వేడెక్కితే ఇగ్నిషన్ మాడ్యూల్ (నిప్పుని నడిపించే ఎలక్ట్రానిక్ ముక్క) చచ్చిపోయి చల్లారినాక మళ్ళా బతికేది నేను కళ్ళారా చూసినా. నిప్పు లేకపోయినా పెట్రోలు వాసన వస్తాది, సిలిండర్లోకి పోయింది కాలకుండా బయటికొస్తాది కాబట్టి, వాసన చూసి మోసపోవద్దు. నీ బండిలో పాత బళ్ళ మాదిరి పాయింట్లు కండెన్సరు ఉండవు, హెచ్ఈఐ అనే ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్, ప్లగ్గులకి నిప్పు పంచేది, ఉంటాది, పెద్ద మూత, కాయిలు దాని నెత్తినే ఉంటాది. ఆ మూత మీద బ్యాటరీ అని రాసిన పిన్ను దగ్గర సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంత వోల్టేజీ వస్తాందో చూడు, బ్యాటరీలో ఎంత ఉందో ఇంచుమించు అంతే రావాల. పాత పాయింట్ల బండి వైరింగులో అడ్డం పెట్టే రెసిస్టరు దీనికి పనికిరాదు. మాడ్యూల్ విప్పితే కింద తెల్లగా వేడి పీల్చే గ్రీజు ఉండాల, ఉత్తగా బిగించినోళ్ళవి నెలల్లోనే పోతాయి. ప్లగ్గు టెస్టరు ఒకటి కొని బండిలో పెట్టుకో, ఈ సారి వేడి మీద మొండికేసినప్పుడు అప్పుడే, ఆడనే, ఒక వైరుకి తగిలించి చూడు. ఇంటికొచ్చి చల్లారినాక చూస్తే ఏం లాభం ల్యా.

ఆటోనగర్_బాబాయ్
సీమ తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం, జబ్బు ఉన్నప్పుడే నాడి చూడాలి.

వరంగల్ తమ్ముడూ, వెల్ ప్లగ్గుల మాట అబద్ధం కాదు గానీ అది ఎక్కువగా పాత క్వాడ్రాజెట్ల సంగతి, 84 నాటికొచ్చేసరికి ఆ పోత మారింది, కారడం బాగా తగ్గింది. ఊరికే ఎపాక్సీ పుయ్యకుండా తేల్చుకోడానికి తేలిక దారి ఉంది, కార్బొరేటర్ దింపినప్పుడు చాంబరు నిండా పెట్రోలు ఉంచి బయట గాలి ఆడే చోట, నిప్పు సోకని చోట, పొడి పేపరు మీద రాత్రంతా పెట్టాలి. పొద్దున పేపరు మీద మరక ఉంటే కారినట్టు, లేకపోతే ప్లగ్గులు గట్టివే. కరెంటు పంపు మాత్రం నేను వద్దనే అంటా. యాక్సిడెంట్ అయ్యి ఇంజను ఆగినా అది పెట్రోలు తోస్తానే ఉంటది, ఆయిల్ ప్రెషర్ స్విచ్చి గుండా కలపకపోతే ప్రాణాల మీదకొస్తది. పైగా ఆరేడు పౌండ్ల ప్రెషరు దాటితే చాంబర్లోకి పెట్రోలు దారి మూసే నీడిల్ (సూది) ఆపలేదు, చాంబరు పొంగి ఇంకో కొత్త జబ్బు.

డెంటన్_రైతు
నాలుగు రోజులు ఆగి ఇవాళ పొద్దున చూశాను. టార్చి వేసి లింకు లాగితే ఒక్క చుక్క రాలేదు, గొంతులు రెండూ పొడిగా ఉన్నాయి. కిచెన్లో సాసు సీసా ఖాళీది ఉంటే కడిగి అందులో కొంచెం పెట్రోలు పోసుకుని, పైన చాంబరుకి గాలి గొట్టంలా ఉంటుంది కదా, అందులో సన్నగా పోశాను, ఒక అరవై ఎంఎల్ పోసుంటాను. డబ్బా మళ్ళీ బిగించి, పెడల్ ఒక్కసారి తొక్కి కొడితే, నమ్మండి, ఒక్క సెకను! నాన్నగారు వరండాలోంచి చప్పట్లు కొట్టారు. ఆపేసి మళ్ళీ లింకు లాగితే రెండు ధారలూ చక్కగా చిమ్ముతున్నాయి.

ఆటోనగర్_బాబాయ్
భేష్. ఇరవై డాలర్ల సామాను కూడా కొనకుండా సగం తేలిపోయింది. చల్లటి మీద నిప్పు బాగుంది, పంపు రబ్బరు బాగుంది, చాంబరు ఎండుతుంది. ఇప్పుడు వేడి మీద చూడు.

ఇంకోటి, ఇంత డబ్బా తీసి చూశావు గదా, చల్లగా ఉన్నప్పుడు పెడల్ ఒకసారి తొక్కి వదిలితే చోక్ పలక పూర్తిగా మూసుకుందా?

డెంటన్_రైతు
లేదు బాబాయ్ గారూ, వేలు దూరేంత సందు ఉండిపోతోంది. అలాగే ఉండాలేమో అనుకున్నా.

ఆటోనగర్_బాబాయ్
ఉండకూడదు. చల్లటి ఇంజనుకి పలక మూసుకోవాలి, స్టార్టయిన క్షణమే వ్యాక్యూమ్ డబ్బా, అదే ఇంజను పీల్చుడుతో పనిచేసేది, దాన్ని కొంచెం లాగి సందు ఇవ్వాలి, తర్వాత కరెంటు చోక్ వేడెక్కుతూ నిదానంగా తెరవాలి. ముందు పలక ఇరుసు కార్బొరేటర్ క్లీనరుతో కడిగి చూడు, జిగురు పట్టి బిగుసుకుంటది. అప్పటికీ మూసుకోకపోతే గుండ్రటి నల్ల మూత తిప్పి సర్దాలి, కాకపోతే ఆ ఏళ్ళ బళ్ళకి ఎవరూ ముట్టుకోకుండా మూతని రివెట్లతో కొట్టేశారు, డ్రిల్లు పెట్టి తియ్యాలి, స్క్రూలతో బిగించే కిట్టు దొరుకుతది. ఒక్క గీత తిప్పు, ఎక్కువ తిప్పమాక. దానికొచ్చే కరెంటు ఇంజను నడిచేటప్పుడే రావాలి, ఊరికే తాళం వేసి ఉంచితే వచ్చేలా ఉండకూడదు.

పద్మిని_89
నమస్కారం, నేను హైదరాబాద్ నుంచి. ఈ చర్చ చదువుతుంటే నా బండి గురించే రాస్తున్నట్టుంది. మా నాన్నగారి 89 మోడల్ ప్రీమియర్ పద్మిని నా దగ్గరే ఉంది, 1089 సీసీ, సోలెక్స్ కార్బొరేటర్. వారం రోజులు నిలబెడితే చోక్ లాగి ఎంత కొట్టినా రాదు. చిన్నప్పుడు ఎండాకాలం తిరుపతి వెళ్తే ఘాట్ రోడ్డు మీద నాన్న ఆపి ఏసీ పంపు (ఇంజనుకి బిగించి ఉండే పెట్రోలు పంపు) మీద తడిగుడ్డ వేసేవారు, పంపు మీంచి ఆవిరి లేచేది, మేము బండి దిగి రాయి మీద కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఆ గుడ్డ వేసినా పనిచెయ్యట్లేదు. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వల్లేనా?

లక్ష్మి_ఫీనిక్స్
నేను కెమికల్ ఇంజనీర్‌ని, కొన్నేళ్ళు రిఫైనరీలో పెట్రోలు బ్లెండింగ్ దగ్గర పనిచేశాను, ఇప్పుడు ఇక్కడ ఎండల్లో మా ఇంట్లో కూడా ఒక పాత పికప్ ఉంది కాబట్టి రెండు వైపులా తెలుసు. రైతు గారూ మీరు అక్టోబరులో పంపు దగ్గర ఆగిపోయింది అన్నారు చూడండి, ఆ మాట దగ్గర ఆగాను నేను. పెట్రోలు నీళ్ళలాగా ఒక్క డిగ్రీ దగ్గర మరిగేది కాదు, అందులో రకరకాలవి కలిసి ఉంటాయి, తేలికవి 35, 40 డిగ్రీలకే లేచిపోతాయి, బరువైనవి 200 దాకా ఉంటాయి. ఎండాకాలం ఎక్కువ ఆవిరవకుండా ఇక్కడ అమెరికాలో రూలు ఉంది, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా బంకుల్లో తక్కువ ఆవిరి పీడనం ఉన్న పెట్రోలే అమ్మాలి. సెప్టెంబరు 15 దాటగానే చలికాలం పెట్రోలు వస్తుంది, అందులో బ్యూటేన్ ఎక్కువ కలుపుతారు, చలిలో బండి తేలిగ్గా అంటుకోడానికి. కానీ టెక్సస్‌లో అక్టోబరులో చలి ఎక్కడ? మధ్యాహ్నం 30 డిగ్రీలు. చలికాలం పెట్రోలు, వేసవి ఎండ. అది కార్బొరేటర్ బండికి చాలా కష్టకాలం. మార్చి, ఏప్రిల్‌లో కూడా అంతే, గమనించి చూడండి.

ఇంకొకటి, నడిచేటప్పుడు ఫ్యాను గాలి, చల్లటి పెట్రోలు వస్తూ ఉంటాయి, అందుకే ఏమీ కాదు. ఆపగానే ఆ రెండూ ఆగిపోతాయి, ఇంజను వేడి మాత్రం పైకి కార్బొరేటర్లోకి ఎక్కుతూనే ఉంటుంది. ఆపిన తర్వాత పది, ఇరవై నిమిషాలే గడ్డుకాలం. గంట ఆగితే మళ్ళీ స్టార్టవుతుంది కదా మీది?

పద్మిని గారూ, ఇథనాల్‌ని పూర్తిగా తప్పు పట్టలేం, కానీ పాత రబ్బరుకి అది పడదు, ఉబ్బుతుంది, గట్టిపడి పగులుతుంది. మీరు పైపులు చూడండి ముందు.

డెంటన్_రైతు
అవును లక్ష్మి గారూ, గంట ఆగితే వస్తుంది! మీరు చూసినట్టే చెప్పారు.

నిన్న సాయంత్రం కావాలనే నలభై నిమిషాలు తిప్పి ఇంటి ముందు ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తూ నిలబడ్డా. మొదటి రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత లోపల్నుంచి కుతకుతమని సన్నటి చప్పుడు, చెవి పెట్టి వింటే అన్నం ఉడికే చప్పుడు లాగే ఉంది. ఆ తర్వాత గొంతు మధ్యలో ఉండే చిన్న గొట్టాల మూతి దగ్గర చుక్క ఊరింది, పడింది, ఇంకోటి ఊరింది, పడింది, వాన వెలిశాక చూరు నీళ్ళు పడ్డట్టు. కింద పలక మీద తడి మెరుస్తోంది, పొగ లాగా ఆవిరి. నాన్నగారు కూడా వంగి చూశారు, ఇదన్నమాట వాసన అన్నారు. అదే సమయానికి దూరంగా జరిపి ప్లగ్గు టెస్టరు తగిలించి చూస్తే నిప్పు నీలంగా టపటపా కొడుతోంది. సీమ తమ్ముడూ నీ మాట ప్రకారం చూశా, నిప్పు బాగుంది.

సీమ_చిన్నోడు
అయితే నిప్పు ఇడిసిపెట్టేయండన్నా, నాకు మనశ్శాంతి. టెస్టరు పెట్టేటప్పుడు పెట్రోలు ఆవిరి దగ్గర్లో లేకుండా చూసుకున్నారు, మంచి పని చేసినారు.

ఆటోనగర్_బాబాయ్
ఇంక దాచేదేముంది, మరుగుతుంది. చుక్కలు ఇంజన్లోకి పడి ముంచేస్తున్నాయి, అందుకే వేడి మీద రావట్లా. అదే మరుగుడుకి చాంబరు సగం ఖాళీ అవుతుంది, మిగతాది నాలుగు రోజుల్లో ఆవిరైపోతది. నేను రెండు జబ్బులన్నాను గానీ వేరు ఒకచోటే ఉండేటట్టుంది, నా మాట నేనే సర్దుకుంటున్నా.

మూడు చోట్ల చూసి ఫోటోలు పెట్టు. కార్బొరేటర్ కింద ప్యాకింగ్ ఎంత మందం ఉంది, పావు అంగుళం మందంది ఉండాలి, అదే వేడిని ఆపేది. ఏసీ పంపుకి పైపులు రెండా మూడా, మూడోది సన్నది, మిగులు పెట్రోలుని, ఆవిరిని తిరిగి ట్యాంకుకి పంపేది. మూడోది, ఎగ్జాస్టు దగ్గర పొద్దున వేడి పట్టడానికి ఒక పలక ఉంటది, వేడెక్కాక అది తెరుచుకోవాలి, తుప్పు పట్టి మూసుకుపోతే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి ఇంజన్లోకి పోయే దారి) కింద పొయ్యి పెట్టినట్టే.

డెంటన్_రైతు
ఫోటోలు పెట్టాను బాబాయ్ గారూ. ఎగ్జాస్టు పలక చేత్తో తిప్పితే తిరుగుతోంది, అది బానే ఉంది. కార్బొరేటర్ కింద ప్యాకింగ్ కాగితం అంత పలుచగా ఉంది, పక్క నుంచే కనపడుతోంది. పంపుకి రెండే పైపులు. ఫ్రేము వెంబడి మూడో సన్న పైపు ముందుదాకా వచ్చి అక్కడ రబ్బరు ముక్క తొడిగి, అందులో బోల్టు దూర్చి, క్లిప్పు బిగించేశారు. పాత ఓనరు హయాంలో ఎవరో పంపు మార్చినట్టున్నారు.

ఆటోనగర్_బాబాయ్
దొరికింది. మూడు పైపుల బండికి రెండు పైపుల పంపు వేసి, మిగిలిన దారి మూసేశారు. ఆవిరి ఎటూ పోలేక నీడిల్ని నెట్టుకుని చాంబర్లోకే వస్తుంది. మూడు పైపుల పంపు తెచ్చుకో, సన్న పైపులోకి ట్యాంకు మూత తీసి నెమ్మదిగా గాలి కొట్టి చూడు, లోపల గాలి చప్పుడు వినపడాలి. రబ్బరు పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వెయ్యి. మందం ప్యాకింగ్ వెయ్యి. ఎలాగూ దింపుతావు గనక పేపరు పరీక్ష కూడా కానిచ్చెయ్.

పైపు విప్పేటప్పుడు జాగ్రత్త. కార్బొరేటర్లోకి వెళ్ళే పెద్ద నట్టు ఒక అంగుళం, దానికి స్పానరు పట్టుకుని కదలకుండా ఆపి, రెండో చేత్తో 5/8 పైపు నట్టు తిప్పాలి. ఒకటే స్పానరుతో లాగితే ఆ మెత్తటి బాడీలో మరలు ఊడొస్తాయి, అప్పుడు నిజంగానే కార్బొరేటర్ మార్చాలి. ఆ నట్టు వెనక చిన్న ఫిల్టరు, స్ప్రింగు ఉంటాయి. ఫిల్టరుకి చెక్ వాల్వు, అంటే ఒకవైపే వదిలేది, ఉన్నది అడిగి తెచ్చుకో.

వరంగల్_పోరడు
బాబాయ్, నాకు గూడ పనికొచ్చే ముచ్చట చెప్పినవ్. మరి పెడల్ సంగతేందో చెప్పరాదు, మా ఇంట్ల ఒక్కొక్కలు ఒక్కొక్క తీరు తొక్కుతరు.

ఆటోనగర్_బాబాయ్
చల్లగా ఉంటే ఒకసారి, బాగా చలైతే రెండు సార్లు అడుగుదాకా తొక్కి వదిలి, కాలు తీసేసి కొట్టాలి. వేడి మీద కొట్టేముందు అసలు తొక్కగూడదు, సగం నొక్కి అలాగే పట్టుకుని కొట్టు, పంపు కొట్టినట్టు తొక్కితే ఇంకా పెట్రోలు పోసినట్టే. ముంచేసిందని వాసన వస్తే అడుగుదాకా నొక్కిపట్టి కొట్టు, చోక్ పలక తెరుచుకుని గాలి పోతది. ఎప్పుడైనా పదిహేను సెకన్లు కొట్టాక రెండు నిమిషాలు ఆపాలి, సెల్ఫ్ మోటారు చల్లారాలి.

డెంటన్_రైతు
మూడు వారాలకి వస్తున్నా, క్షమించండి, ఎండుగడ్డి పనుల్లో తీరిక లేదు. పేపరు పరీక్ష చేశాను, షెడ్డు బయట బల్ల మీద పెట్టి పొద్దున చూస్తే పేపరు పొడిగా ఉంది, ప్లగ్గులు గట్టివే. మూడు పైపుల పంపు, సన్న పైపు తెరవడం, మందం ప్యాకింగ్, చెక్ వాల్వు ఫిల్టరు అయ్యాయి. సన్న పైపులో మొదట గాలి పోలేదు, ట్యాంకు వైపు మూతి దగ్గర కందిరీగ గూడు మట్టి, తీగ పెట్టి తీస్తే వచ్చింది. చోక్ రివెట్లు తియ్యడానికి గంటన్నర పట్టింది, ఒక గీత తిప్పా, ఇప్పుడు పూర్తిగా మూసుకుంటోంది. వేడి మీద ఏడెనిమిది సార్లు చూశా, సగం నొక్కి కొడితే రెండు సెకన్లు. ఎయిర్ ఫిల్టర్ తీసి మళ్ళీ చూస్తూ నిలబడ్డా, కుతకుత కొంచెం ఉంది గానీ చుక్క పడటం లేదు. నాలుగు రోజులు నిలబెడితే మాత్రం ఇంకా ఆరేడు సెకన్లు కొట్టాల్సి వస్తోంది.

లక్ష్మి_ఫీనిక్స్
ఆ ఆరేడు సెకన్లు ఉంటాయండీ. ఈ కార్బొరేటర్ చాంబరు చిన్నది, దానికి గాలి దారి ఉంది, ఆవిరవడం పూర్తిగా ఆగదు. మాది కూడా వారం తర్వాత అంతే పడుతుంది, నేను దాని జోలికి పోలేదు.

ఆటోనగర్_బాబాయ్
అంతే, అక్కడితో వదిలెయ్. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు, ఆ గ్యాస్ స్టేషన్‌కే తీసుకెళ్ళి పెట్రోలు పోయించుకుని రా.

పద్మిని_89
బాబాయ్ గారూ, నాది కూడా చూశాను. పంపుకి, కార్బొరేటర్‌కి మధ్య పైపు కొత్తదే. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే రబ్బరు పైపు వంచితే వంపు దగ్గర సన్నగా పగుళ్ళు ఉన్నాయి, కానీ చుక్క కూడా కారట్లేదు, కింద తడి లేదు. అది మార్చాలా?

ఆటోనగర్_బాబాయ్
అదే నాయనా నీ దొంగ. అటువైపు పంపు పీల్చేది, నెట్టేది కాదు, పగిలితే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పీలుస్తది. నిలబెట్టినప్పుడు పైపులో పెట్రోలంతా ట్యాంకుకి జారిపోతది, అందుకే వారానికొకసారి తీస్తే అంత కొట్టాల్సి వస్తుంది. పైపు మార్చి, రెండు వైపులా క్లిప్పులు కొత్తవి వెయ్యి, పాత క్లిప్పు మళ్ళీ బిగించమాక. వారం నిలబెట్టి చూసి ఎన్ని సెకన్లు పట్టిందో ఇక్కడే రాయి.